కొత్త మ్యూజిక్ ప్లేయర్ కొన్నాక మొదటి వారం: కార్డు, ట్యాగులు, వాల్యూమ్ సరిచేసుకున్నాకే తీర్పు

ఫోన్ నుంచో, పాత ఐపాడ్ నుంచో, డ్రాయర్‌లో పడున్న ఎంపీ3 ప్లేయర్ నుంచో కొత్త మ్యూజిక్ ప్లేయర్‌కి మారినవాళ్లు మొదటి సాయంత్రమే ఏదో ఒక తీర్పు ఇచ్చేస్తారు. "అబ్బ, ఎంత తేడా!" అంటారు కొందరు. "ఇన్ని వేలు పోసింది దీనికా?" అంటారు ఇంకొందరు. మొదటి మాటకు కారణం చాలాసార్లు వాల్యూమే. కొత్తది పాతదానికన్నా కాస్త గట్టిగా మోగుతుంటుంది, చెవికి అదే మెరుగ్గా తోస్తుంది. రెండో మాటకు కారణం ఎక్కువగా లైబ్రరీ. ఒకే ఆల్బమ్ ఆరు ముక్కలై, తెలుగు పేర్లు డబ్బాలై, పాటల వరస తారుమారై కనిపిస్తే ఎంత మంచి ప్లేయరైనా చిరాకే తెప్పిస్తుంది. ముందు ఈ రెండూ చక్కబెట్టుకుంటే ప్లేయర్ సంగతి తర్వాత దానంతటదే తెలుస్తుంది.

ఇప్పుడు దొరికే ప్లేయర్లు రెండు రకాలు. సోనీ వాక్‌మన్ ఏ306 లాంటివి, ఫియో, హైబీ కంపెనీల్లో పెద్ద మోడళ్లు ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి. చిన్నవి, చవకవి సొంత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయి. త్వరగా ఆన్ అవుతాయి, బ్యాటరీ పొదుపుగా వాడతాయి, కానీ తెలుగు అక్షరాల దగ్గర తడబడతాయి. యాపిల్ 2022 మేలో ఐపాడ్ టచ్‌ను ఆపేశాక ఐపాడ్ వరస పూర్తిగా ముగిసింది. అందుకే పాత ఐపాడ్ నుంచి పాటలు ఎలా తీయాలో కూడా కింద ఉంది.

పెట్టె తెరిచే ముందు, తెరిచిన వెంటనే

ఆన్‌లైన్‌లో కొన్నదైతే సీల్ తీయడం నుంచి ప్లేయర్ ఆన్ అయ్యేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. సీరియల్ నంబర్ స్టిక్కర్ అందులో పడాలి. తర్వాత ఏదైనా తేడా వస్తే చాలామంది అమ్మకందారులు మొదట అడిగేది అదే.

ఎనిమిది గంటలు ఛార్జి పెట్టాకే ఆన్ చేయాలన్నది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. లిథియం బ్యాటరీకి ఆ అవసరం లేదు. 60 శాతం దాటేదాకా ఛార్జి చేసి, పాటలు ఎక్కించకముందే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూసుకోండి. కొన్ని అప్‌డేట్లు సెట్టింగులన్నిటినీ మొదటికి తెస్తాయి, లైబ్రరీ మళ్లీ స్కాన్ చేయాల్సి వస్తుంది. ఆ పని ఖాళీ ప్లేయర్ మీద అయిపోవడమే నయం. చిన్న ప్లేయర్లలో అప్‌డేట్ ఫైలును కార్డులో, ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే పెట్టాలి. జిప్‌లో వస్తే విప్పాలా, అలాగే ఉంచాలా అన్నది కంపెనీ పేజీలో చూసి చేయండి. మోడల్ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వేయకండి. అప్‌డేట్ నడుస్తుండగా కేబుల్ గానీ కార్డు గానీ లాగేస్తే ప్లేయర్ మళ్లీ లేవకపోవచ్చు.

కార్డు: అసలుదో నకిలీదో ముందే తేల్చండి

ప్లేయర్ లోపల 32 జీబీ అని రాసి ఉన్నా, ఆండ్రాయిడ్ తన వాటా తీసుకున్నాక పాటలకు మిగిలేది అందులో సగం, లేదా కాస్త ఎక్కువ. కాబట్టి మైక్రో ఎస్‌డీ కార్డు తప్పదు. లెక్క సులువే. 320 కేబీపీఎస్ ఎంపీ3లో ఐదు నిమిషాల పాట 12 ఎంబీ. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ అనే ఫైలు రూపంలో, సీడీ నాణ్యతతో అదే పాట సుమారు 30 ఎంబీ. 128 జీబీ కార్డు కంప్యూటర్‌లో 119 జీబీగా కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది, మోసమేమీ లేదు. అందులో ఎంపీ3లైతే పదివేల దాకా, ఫ్లాక్‌లైతే నాలుగు వేల దాకా పడతాయి.

అసలు మోసం వేరే ఉంది. నకిలీ కార్డులో ఉన్నది 16 జీబీయే అయినా 256 జీబీ అని చూపించేలా దాని కంట్రోలర్‌ను మారుస్తారు. పాటలన్నీ ఎక్కినట్టే ఉంటుంది, పేర్లన్నీ కనిపిస్తాయి. కానీ నిండిపోయాక వచ్చిన డేటా పాతదాని మీదే పడుతుంది, లేదా గాల్లో కలుస్తుంది. పాట నొక్కితే రెండు సెకన్లు మోగి తర్వాతిదానికి దూకడం, మధ్యలో "కిర్ర్" అనడం దీని లక్షణాలు. పాపం, తిట్లు మాత్రం ప్లేయర్‌కి పడతాయి.

పరీక్ష ఇలా:

1. ఖాళీ కార్డును రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కి తగిలించండి.
2. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం నడపండి. మొత్తం ఖాళీ స్థలాన్ని రాసి, మళ్లీ చదివి సరిచూసే ఐచ్ఛికం ఎంచుకోండి. మాక్, లినక్స్‌లలో ఎఫ్3 అనే ప్రోగ్రాం ఇదే పని చేస్తుంది.
3. 128 జీబీ కార్డుకి ఒకటిన్నర నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఒక్క తప్పు చూపించినా కార్డు వాపసు చేసేయండి.

పరీక్ష నెగ్గిన కార్డును ప్లేయర్‌లోనే ఫార్మాట్ చేయండి. ఆండ్రాయిడ్ ప్లేయర్ ఇక్కడ ఒక ప్రశ్న అడగొచ్చు: కార్డును అంతర్గత స్టోరేజీగా వాడాలా, పోర్టబుల్‌గా వాడాలా? పోర్టబుల్ అనే చెప్పండి. అంతర్గతం అంటే కార్డు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, ఇక కంప్యూటర్‌లో పెట్టినా చదవలేరు. 32 జీబీ దాటిన కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి, కొత్త ప్లేయర్లన్నీ దాన్ని చదువుతాయి. కొన్ని చిన్న, పాత ప్లేయర్లకు మాత్రం ఫ్యాట్32 కావాలి. పెద్ద కార్డును ఫ్యాట్32లోకి మార్చడానికి విండోస్ మామూలు ఫార్మాట్ కిటికీ చాలాకాలం ఒప్పుకోలేదు, దానికి విడి టూల్స్ ఉన్నాయి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. మామూలు పాటలకు ఇది అడ్డు కాదు. మొత్తం కచేరీని ఒకే పెద్ద ఫైలుగా దాచుకున్నవాళ్లకే ఇబ్బంది.

పాతదాని నుంచి పాటలు బయటికి తీయడం

ఐపాడ్ క్లాసిక్, నానోల్లో పాటలు ఐపాడ్_కంట్రోల్ అనే దాచిన ఫోల్డర్‌లో, మ్యూజిక్ అనే దాని లోపల ఎఫ్00, ఎఫ్01 వరసలో ఉంటాయి. పేర్లన్నీ అర్థంలేని నాలుగు అక్షరాలు. కంగారు పడొద్దు, ట్యాగులు, అంటే పాట పేరు, గాయకులు, ఆల్బమ్ లాంటి వివరాలు, ఫైలు లోపల భద్రంగానే ఉంటాయి. దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టి ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాంలో ట్యాగు నుంచి ఫైలుపేరు కట్టించే ఐచ్ఛికం నడిపితే పేర్లు వచ్చేస్తాయి. ఐట్యూన్స్ స్టోర్‌లో 2009కి ముందు కొన్న పాటలు కొన్ని ఎం4పీ అనే తాళం వేసిన రూపంలో ఉండొచ్చు. అవి వేరే కంపెనీ ప్లేయర్‌లో మోగవు.

ఫోన్‌లో స్ట్రీమింగ్ యాప్‌లు డౌన్‌లోడ్ చేసిన పాటలూ అంతే, ఫైళ్లు కాపీ చేసినా లాభం లేదు. ఆండ్రాయిడ్ ప్లేయరైతే అదే యాప్ వేసుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. డౌన్‌లోడ్లు కార్డులోకి వెళ్లేలా యాప్ సెట్టింగ్ ముందే మార్చండి, లేకపోతే లోపలి స్టోరేజీ రెండ్రోజుల్లో నిండిపోతుంది.

ఈ సందర్భంలోనే చాలామంది చేసే వృథా పని ఒకటుంది: ఉన్న ఎంపీ3లన్నిటినీ ఫ్లాక్‌లోకి మార్చడం. ఎంపీ3 చేసేటప్పుడు పోయింది పోయినట్టే, ఫ్లాక్ దాన్ని తిరిగి తేలేదు. సైజు మాత్రం రెండు మూడింతలవుతుంది. ఎవరో ఇచ్చిన ఫ్లాక్ నిజమైనదా అని అనుమానం వస్తే స్పెక్ అనే ప్రోగ్రాంలో తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉంటే అది 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి వచ్చి ఉంటుంది. 20 దగ్గర కోత ఉంటే 320 నుంచి కావచ్చు. ఘంటసాల కాలం నాటి పాటల విషయంలో మాత్రం ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకండి. అప్పటి రికార్డింగుల్లో పై ఫ్రీక్వెన్సీలు సహజంగానే తక్కువ, పైకి పోయేకొద్దీ రంగు మెల్లగా పలచబడుతుంది. నిటారు గీత కనిపిస్తేనే అనుమానించాలి.

ట్యాగులు: ఓపిక పెట్టాల్సిన చోటు ఇదే

విదేశీ ఆల్బమ్‌లో పాటలన్నీ సాధారణంగా ఒకే గాయకుడివో, ఒకే బృందానివో. మన సినిమా ఆల్బమ్ అలా కాదు. ఆరు పాటలకు ఆరు గాయనీగాయకుల జతలు. ఆర్టిస్ట్ పేరు మారిన ప్రతిచోటా కొన్ని ప్లేయర్లు ఆల్బమ్‌ను విడగొట్టేస్తాయి. దీనికి మందు ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి. ఎంపీ3ట్యాగ్‌లో ఆ సినిమా పాటలన్నీ ఎంచుకుని, ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడి పేరు పెట్టి సేవ్ చేయండి. ముక్కలన్నీ ఒక్కటవుతాయి. కంపోజర్ గడిలోనూ అదే పేరు వేస్తే సంగీత దర్శకుల వారీగా చూసుకోవచ్చు. మన శ్రోతలు ఎక్కువగా వెతికేది అలాగే కదా.

ఆర్టిస్ట్ గడి జోలికి మరీ పోకండి. "బాలసుబ్రహ్మణ్యం, జానకి" అని కామాతో ఉన్నదాన్ని చాలా ప్లేయర్లు ఒకే మనిషి పేరుగా లెక్కేస్తాయి. ఆ జాబితాలో యుగళగీతాల జతలన్నీ విడివిడి మనుషులై వందలకొద్దీ నిలబడతాయి. వేల పాటలను కూర్చుని విడగొట్టేకన్నా ఆల్బమ్ ఆర్టిస్ట్, కంపోజర్ జాబితాలతో పని జరుపుకోవడం మేలు.

తర్వాతి చిక్కు పేరు రాసే తీరు. ఇళయరాజా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కనీసం మూడు రకాలుగా తిరుగుతోంది. ప్లేయర్ లెక్కలో వాళ్లు ముగ్గురు. ఎస్పీబీకి చుక్కలతో, చుక్కల్లేకుండా, మధ్యలో ఖాళీతో ఇంకెన్ని రూపాలో. ఎంపీ3ట్యాగ్‌లో కంపోజర్ నిలువు వరస మీద నొక్కి అక్షరక్రమంలో పేర్చితే ఈ రూపాలన్నీ ఒకచోట చేరతాయి. ఒకేసారి ఎంచుకుని ఒకే రూపంలోకి మార్చేయొచ్చు.

ఒకే పేరుతో వేర్వేరు కాలాల్లో వచ్చిన సినిమాలు మనకు చాలానే ఉన్నాయి. సంగీత దర్శకుడు కూడా ఒకరే అయితే ఆ రెండూ ఒకే ఆల్బమ్‌గా కలిసిపోతాయి. అనుమానం ఉన్నచోట ఆల్బమ్ పేరు చివర సంవత్సరం చేర్చండి. ఉచిత డౌన్‌లోడ్ సైట్లు టైటిల్‌లో, ఆల్బమ్‌లో, చివరికి కవర్ బొమ్మ మీద కూడా తమ పేరు అతికించి వదులుతాయి. టైటిల్, ఆల్బమ్ గడుల్లోది ఎంపీ3ట్యాగ్‌లోని రీప్లేస్ యాక్షన్‌తో ఒక్క దెబ్బకు పోతుంది. పోయినట్టే పోయి ప్లేయర్‌లో మళ్లీ కనిపిస్తే ఆ ఫైలులో ఐడీ3 అనే మామూలు ఎంపీ3 ట్యాగుతో పాటు ఏపీఈ అనే ఇంకో ట్యాగు దాగి ఉందన్నమాట. ఎంపీ3ల నుంచి ఆ ఏపీఈ ట్యాగును తీసేయండి.

ఇక తెలుగు లిపి. ఫ్లాక్ ట్యాగులు అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8లోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఎంపీ3లకు ఐడీ3 వెర్షన్ 2.3, యూటీఎఫ్-16 అన్న సెట్టింగ్ పెట్టుకోండి, పాతా కొత్తా ప్లేయర్లన్నీ దాదాపుగా చదివేది అదే. పాత ఐడీ3 వెర్షన్ 1లో తెలుగు పట్టదు, పైగా ఒక్కో గడికి 30 అక్షరాలే. తెలుగు ట్యాగు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే ప్లేయర్ ఆ పాత ట్యాగును చదువుతోందని అర్థం. దాన్ని తొలగించండి.

డబ్బాలు కనిపిస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంటే లేదు. అక్షరాలు కనిపిస్తూ వత్తులు విడిపోతే ఫాంటు ఉంది గానీ అక్షరాలను కలిపే సాఫ్ట్‌వేర్ లేదు. ఆండ్రాయిడ్ ప్లేయర్లలో ఈ బాధ ఉండదు. చిన్న ప్లేయరైతే వెయ్యి పాటలు మార్చేముందు ఒక్క పాటకు "లక్ష్మి", "స్త్రీ", "రాష్ట్రం" అన్న మూడు మాటలు టైటిల్‌గా పెట్టి ఎక్కించి చూడండి. మూడూ సరిగ్గా వస్తే తెలుగులో ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. రాకపోతే ట్యాగులన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. సగం అటూ సగం ఇటూ వద్దు. ఇంగ్లిష్ అక్షరాల పేర్లన్నీ ముందు, తెలుగువన్నీ తర్వాత పేర్చుకుని రెండు జాబితాలు తయారవుతాయి.

ట్యాగులు తెలుగులో పెట్టుకున్నా ఫైలుపేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచడం మంచిది. ఆండ్రాయిడ్ లోపలి స్టోరేజీలో ఒక ఫైలుపేరు 255 బైట్లకు మించకూడదు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. "లక్ష్మి" కంటికి రెండక్షరాలే, కంప్యూటర్‌కి మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు సంకేతాలు, అంటే 21 బైట్లు. సినిమా పేరు, పాట పల్లవి, గాయకుల పేర్లు అన్నీ కలిపి రాసుకున్న ఫైలు 85 సంకేతాలు దాటగానే కాపీ ఆగిపోతుంది. ఎందుకో కంప్యూటర్ సరిగా చెప్పదు కూడా. ఫైలుపేరు మొదట 01, 02 అని రెండంకెలు పెట్టండి. ఒట్టి 1, 2 అంటే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10 పాడిస్తాయి.

కవర్ బొమ్మ 600×600 పిక్సెళ్లు, 200 కేబీ లోపు చాలు. బొమ్మ ఫోన్‌లో కనిపించి చిన్న ప్లేయర్‌లో కనిపించకపోతే అది ప్రోగ్రెసివ్ జేపెగ్ అయ్యుంటుంది. బేస్‌లైన్ జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేసి అతికించండి.

కాపీ చేయడం, స్కాన్ చేయించడం

ప్లేయర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి పంపేకన్నా కార్డు తీసి రీడర్‌లో పెట్టడమే మేలు. వేగం ఒక కారణం, మధ్యలో తెగకపోవడం ఇంకో కారణం. సెకనుకు 30 ఎంబీ చొప్పున 100 జీబీకి గంట లోపే పడుతుంది. చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఉంటే ఇంకాస్త ఎక్కువ. విండోస్‌లో టెరాకాపీ లాంటి, కాపీ అయ్యాక సరిచూసే ప్రోగ్రాం వాడండి. పని అయ్యాక ఎజెక్ట్ నొక్కకుండా కార్డు లాగేయడం ఎక్స్‌ఫ్యాట్‌కి అసలు పడదు. మొత్తం కార్డు ఖాళీగా కనిపించే రోజు అలాగే వస్తుంది.

మాక్‌లో కాపీ చేసినవాళ్లకు ప్రతి పాటకూ చుక్క, కింది గీతతో మొదలయ్యే బుల్లి ఫైలు ఒకటి కార్డులో చేరుతుంది. ప్లేయర్‌లో అవి మోగని పాటలుగా, జంటలుగా కనిపిస్తాయి. కార్డును ఎజెక్ట్ చేసేముందు వాటిని తుడిచేయండి.

కార్డు పెట్టాక లైబ్రరీ స్కాన్ నొక్కి, అది పూర్తయ్యేదాకా పాట పెట్టకుండా వదిలేయండి. ఒకే పాట దగ్గర స్కాన్ ఆగి ప్లేయర్ రీస్టార్ట్ అవుతుంటే, అక్కడ చెడిపోయిన ఫైలో, మరీ పెద్ద కవర్ బొమ్మో ఉంటుంది. సగం ఫోల్డర్లు తీసి స్కాన్ చేయండి. తర్వాత అందులో సగం. నాలుగైదు విడతల్లో దొంగ దొరుకుతాడు.

ప్లేలిస్టులను ఎం3యూ8 రూపంలో సేవ్ చేయండి. ఒట్టి ఎం3యూలో తెలుగు పేర్లు చెడిపోతాయి. లోపలి దారులు విండోస్ డ్రైవ్ అక్షరంతో మొదలైతే ప్లేయర్‌కి అర్థం కావు. ప్లేలిస్టు ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించే సాపేక్ష దారులే ఉండాలి.

హరికథలు, ప్రవచనాలు, గంటల పొడుగు కచేరీలు వినేవాళ్లు రెండు సెట్టింగులు మర్చిపోకండి. ఆపిన చోట నుంచే మళ్లీ మొదలయ్యే రిజ్యూమ్ ఒకటి. ట్రాకుల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ రెండోది. రాగం, తానం, పల్లవి విడి ట్రాకులుగా ఉన్న రికార్డింగులో గ్యాప్‌లెస్ లేకపోతే తంబుర నాదం ట్రాకు మారిన ప్రతిసారీ తెగుతుంది.

వినేముందు సెట్టింగులు

ఈక్వలైజర్, బాస్ బూస్ట్, సరౌండ్, కంపెనీ సొంత పేరుతో ఉన్న మెరుగుదలలు అన్నీ మొదట ఆపేయండి. నచ్చితే తర్వాత ఒక్కొక్కటే వేసుకోవచ్చు. డ్యాక్, అంటే డిజిటల్ ఫైలును శబ్ద సంకేతంగా మార్చే భాగం, దాని ఫిల్టర్లు ఐదారు రకాలు ఉంటాయి. వాటి తేడా ఎంత స్వల్పమంటే మొదటి వారం వాటి జోలికి పోవడం టైం దండగ.

గెయిన్, అంటే యాంప్లిఫయర్ శబ్దాన్ని ఎంత పెంచాలన్న సెట్టింగ్, తక్కువలో (లో) పెట్టండి. ఎందుకో లెక్కతో చూద్దాం. 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 105 డెసిబెల్స్ ఉన్న చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌కి 1 వోల్టు ఇస్తే 62 మిల్లీవాట్లు చేరతాయి, శబ్దం 123 డెసిబెల్స్. చెవులు పాడయ్యే స్థాయి అది. అదే 1 వోల్టు 300 ఓమ్‌లు, 97 డెసిబెల్స్ ఉన్న పెద్ద హెడ్‌ఫోన్‌కి ఇస్తే 3.3 మిల్లీవాట్లే, 102 డెసిబెల్స్. అందులో 110 డెసిబెల్స్ శిఖరాలు రావాలంటే దాదాపు రెండున్నర వోల్టులు కావాలి. హై గెయిన్, 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ అవసరమయ్యేది ఇలాంటి వాటికే. ఇయర్‌ఫోన్‌కి హై గెయిన్ పెడితే లాభం లేకపోగా నిశ్శబ్దంలో సుయ్‌మనే చప్పుడు వినబడుతుంది, వాల్యూమ్ రెండు మెట్లకే గట్టిదవుతుంది.

4.4 జాక్‌ను 3.5 ప్లగ్గుకి మార్చే అడాప్టర్ చవగ్గా దొరికిందని కొనకండి. బ్యాలెన్స్‌డ్‌లో ఎడమ, కుడి నెగటివ్ తీగలు వేరువేరు. ఆ అడాప్టర్ రెండిటినీ కలిపేస్తే యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ని 3.5 జాక్‌లో పెట్టే అడాప్టర్‌తో మాత్రం ప్రమాదం లేదు.

పాటలో వాద్యాలు వినబడుతూ గాయకుడి గొంతు వెనక్కి పోతే, లేదా మాయమైతే, ప్లేయర్‌ను తిట్టేముందు ప్లగ్గు చూడండి. కవర్ మందం వల్ల ప్లగ్గు పూర్తిగా దిగకపోతే గ్రౌండ్ తెగి, ఎడమ కుడి చానళ్ల తేడా మాత్రమే చెవికి చేరుతుంది. మధ్యలో ఉండే గొంతు రద్దయిపోతుంది. పక్కా పరీక్ష ఒకటుంది: 1950లు, 60ల నాటి మోనో పాట పెట్టండి. రెండు చానళ్లూ ఒకటే కాబట్టి గ్రౌండ్ తెగితే పాట మొత్తం దాదాపు వినబడదు. ప్లగ్గు నొక్కగానే ఘంటసాల తిరిగొస్తే జాక్ బాగున్నట్టే, కవర్ కోసుకోవాల్సిందే.

తర్వాత, పాటలన్నీ దాదాపు ఒకే గట్టిదనంతో మోగేలా చేసే రీప్లేగెయిన్. 70ల నాటి పాట తర్వాత ఈ మధ్య పాట వస్తే ఉలిక్కిపడేది రెండిటి రికార్డింగ్ స్థాయిల్లో ఉన్న తేడా వల్ల. ఫూబార్2000 అనే ప్రోగ్రాంలో పాటలన్నీ ఎంచుకుని, కుడి బటన్‌తో రీప్లేగెయిన్ మెనూలో ట్యాగుల ప్రకారం ఆల్బమ్‌లుగా స్కాన్ చేయించండి. పాటను మార్చదు, ఎంత తగ్గించాలో ట్యాగులో రాస్తుంది అంతే. కలగలిపి వినేటప్పుడు ప్లేయర్‌లో ట్రాక్ గెయిన్, ఆల్బమ్ వరసగా వినేటప్పుడు ఆల్బమ్ గెయిన్ పెట్టుకోండి. కార్డుకి ఎక్కించకముందే ఈ పని చేస్తే రెండోసారి కాపీ తప్పుతుంది.

పాతదీ కొత్తదీ పోల్చడం

చెవి ఒక డెసిబెల్ తేడాను కూడా "గట్టిగా ఉంది" అని చెప్పదు, "స్పష్టంగా ఉంది" అని చెబుతుంది. అందుకే రెండు ప్లేయర్ల వాల్యూమ్ కొలిచి సమానం చేయకుండా పోల్చి లాభం లేదు. కావాల్సినవి: ఒక మల్టీమీటర్, 3.5 స్ప్లిటర్, చివర తీగలు విప్పిన ఒక 3.5 కేబుల్. రెండు మూడు వందల రూపాయల పసుపురంగు మీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, అవి ఇక్కడ పనికిరావు. 2 వోల్టుల ఏసీ రేంజి ఉన్నది కావాలి.

1. ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో 50 హెర్ట్జ్ సైన్ టోన్, ఆంప్లిట్యూడ్ 0.5, రెండు నిమిషాల నిడివితో తయారుచేసి రెండు ప్లేయర్లలోకీ ఎక్కించండి. చవక మీటర్లు ఏసీని కరెంటు సరఫరా ఫ్రీక్వెన్సీ దగ్గరే సరిగా కొలుస్తాయి, అందుకే 50.
2. స్ప్లిటర్‌లో ఒకవైపు మీ ఇయర్‌ఫోన్, రెండోవైపు విప్పిన కేబుల్ పెట్టండి. ఇయర్‌ఫోన్ తగిలించే కొలవాలి, లేకపోతే లోడు లేని అంకె వస్తుంది. టోన్ మోగుతున్నంతసేపూ దాన్ని చెవిలో పెట్టుకోకండి.
3. మీటర్ ప్రోబులు ఒకటి ఎడమ చానల్ తీగకి, ఒకటి గ్రౌండ్‌కి.
4. పాత ప్లేయర్‌ను మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లో పెట్టి అంకె రాసుకోండి. కొత్తదాన్ని అదే అంకెకు తెండి. రెండు శాతం లోపు తేడా అంటే 0.2 డెసిబెల్ కన్నా తక్కువ, అది చాలు.

రెండిటిలో అదే ఫైలు ఉండాలి. రీమాస్టర్ చేసినది వేరే ఫైలు కిందే లెక్క. రీప్లేగెయిన్ రెండిటిలోనూ ఆపేయాలి. ఏది ఏదో చూపించకుండా మార్చిపెట్టే మనిషి పక్కన ఉంటే ఇంకా మంచిది. ఇలా పోల్చాక మంచి ఫోన్ జాక్‌కీ మంచి ప్లేయర్‌కీ మామూలు ఇయర్‌ఫోన్‌తో తేడా చాలామందికి చాలా తక్కువే తెలుస్తుంది. కచ్చితంగా తెలిసే చోట్లు మూడు: వెనక సుయ్‌మనే చప్పుడు, పెద్ద హెడ్‌ఫోన్‌కి సరిపడా శక్తి, పాత ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (జాక్ వైపు ఉండే నిరోధం, ఓమ్‌లలో) ఎక్కువైతే మారిపోయే బాస్. ప్లేయర్ ఇంపీడెన్స్ ఇయర్‌ఫోన్‌దాంట్లో ఎనిమిదో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. 16 ఓమ్‌లకు 2.

"వంద గంటలు మోగిస్తే గొంతు విప్పుతుంది" అన్న మాట నమ్మి రిటర్న్ గడువు పోగొట్టుకోకండి. ఆ వంద గంటల్లో అలవాటుపడేది మీ చెవులే. బాస్ లేదనిపిస్తే ముందు ఇయర్‌ఫోన్ టిప్పు సైజు మార్చండి. చెవిలో సందు మిగిలితే ఏ ప్లేయరూ బాస్ ఇవ్వలేదు. రోజువారీ వాల్యూమ్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది.

బ్లూటూత్, బ్యాటరీ, ఎండ

బ్లూటూత్‌లో వింటే ప్లేయర్ లోపలి డ్యాక్ పనిలో ఉండదు, హెడ్‌ఫోన్‌దే పని. ఎల్‌డ్యాక్ అనే బ్లూటూత్ ఆడియో పద్ధతిలో 990, 660, 330 కేబీపీఎస్ అని మూడు స్థాయిలుంటాయి. రద్దీ బస్సులోనో రైల్లోనో 990 దగ్గర పాట తెగుతుంటే 660కి దించండి.

వైఫై ఆపేసి కార్డులోని పాటలు వింటేనే పెట్టెమీద రాసిన గంటలకు దరిదాపుల్లో బ్యాటరీ వస్తుంది. కొత్త కార్డు పెట్టిన మొదటి రోజు స్కానింగ్ వల్ల బ్యాటరీ త్వరగా దిగడం మామూలే, రెండో రోజూ అలాగే దిగితే నేపథ్యంలో నడుస్తున్న యాప్‌లు చూడండి. మే నెలలో కారు డాష్‌బోర్డ్ మీద ప్లేయర్ వదిలి వెళ్లొద్దు. లిథియం బ్యాటరీ అక్కడి వేడికి ఉబ్బుతుంది, స్క్రీన్‌ను పైకి నెడుతుంది. ఎండలో కాలిన ప్లేయర్‌ను వెంటనే ఛార్జింగ్‌లో పెట్టకుండా చల్లారనివ్వండి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ప్లగ్గు తిప్పినప్పుడు కరకరమంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో ప్లగ్గు తుడిచి ఆరాక నాలుగైదుసార్లు పెట్టి తీయండి. జాక్‌లోకి నేరుగా పోయకండి.

రిటర్న్ గడువు ముగిసేలోపు

రెండు జాకుల్లోనూ ఎడమ, కుడి సమానంగా మోగుతున్నాయా, అతి తక్కువ వాల్యూమ్‌లో ఒకపక్క ముందే ఆగిపోతోందా చూడండి. ప్లగ్గును మెల్లగా తిప్పుతూ శబ్దం తెగుతుందేమో గమనించండి. కార్డు దానంతటదే కనిపించకుండా పోతే, పరీక్ష నెగ్గిన ఇంకో కార్డుతో ప్రయత్నించండి. రెండోదీ పోతే స్లాటే కారణం. స్క్రీన్ ఆపి గంటసేపు వరసగా పాడించండి. మధ్యలో ఆగితే ముందు ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేసి మళ్లీ చూడండి.

పాత ప్లేయర్‌ను అప్పుడే తుడిచేయొద్దు. సరిచేసిన ట్యాగులతో ఉన్న ఫోల్డర్ కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి ఉండాలి. కొత్త పాటలు ముందు కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో చేర్చి, ట్యాగులు పెట్టి, రీప్లేగెయిన్ రాయించి, అప్పుడే కార్డుకి పంపండి. పాత ప్లేయర్‌ను పక్కన పెట్టేస్తుంటే బ్యాటరీ సగం ఉంచి ఆపేయండి. నాలుగైదు నెలలకోసారి ఆ సగానికి మళ్లీ ఛార్జి చేయండి.